రాజోలు నెట్ సెంటర్ డైరీ: పదిహేడు యాడ్-ఆన్లు తీసి ఒకటి మిగిల్చిన కథ

రాజోలు బస్టాండు దగ్గర మా అక్కా బావా నడిపే జిరాక్స్, నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లున్నాయి. 2025 జూన్ 14 నుంచి సెప్టెంబరు 6 దాకా వాటి మీద చేసిన పని ఇది. ఇలాంటి షాపు నడిపేవాళ్లు, ఇంట్లో నలుగురూ ఒకే కంప్యూటరు వాడేవాళ్లు చూసి చేసుకోవచ్చు. సజావుగా అయినవి ఒక్కో ముక్కలో తేల్చేశాను. తగలబడ్డవి మాత్రం వివరంగా రాశాను, నా ఆదివారాలన్నీ వాటికే పోయాయి కాబట్టి.

మిషన్లు: 1, 2, 3 నంబర్లు పాత ఐ3 ప్రాసెసర్లవి, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు, విండోస్ 10. 4వ నంబరు కాస్త కొత్తది, 8 జీబీ. ఆధార్ వేలిముద్రతో డబ్బులు తీసే పరికరం దానికే ఉంది. నెట్ కేబుల్ ఆపరేటరు ఇచ్చిన ఫైబరు. షాపులో అక్క, బావ, కుర్రాడు శీను.

మజిలీ 0: ముందు లెక్క (జూన్ 14)

దేన్నీ కదపకుండా ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను.

1. బ్రౌజర్లలో యాడ్-ఆన్లు (బ్రౌజరుకి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు): నాలుగింట్లో కలిపి 17. అక్క పెట్టినవి 2. మిగతా 15 ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు.
2. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లు: 212.
3. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలో ఫైళ్లు: 1,846.
4. నోటిఫికేషన్లు పంపుకోమని అనుమతి ఇచ్చేసిన సైట్లు: 38.
5. తెరిచి వదిలేసిన వాట్సాప్ వెబ్: 2వ నంబర్లో ఒకటి. ఆ మనిషి ఎవరో గాని, ఆ సాయంత్రం కూడా ఆయనకి మెసేజ్‌లు వచ్చి పడుతూనే ఉన్నాయి.

నేను వచ్చింది ప్రకటనలూ, మనం ఏ సైట్లు చూస్తున్నామో వెంటాడి రాసుకునే ట్రాకర్లూ ఆపుదామని. మూడో లెక్క చూశాక ఆ ఊపు తగ్గింది. పేర్లు చూసి లెక్కపెట్టానే గాని ఏ ఫైలూ తెరవలేదు. ఇ-ఆధార్‌లు, పాన్ కార్డులు, కువైట్ వెళ్లే ఆడవాళ్ల పాస్‌పోర్టు కాపీలు, వీసా కాగితాలు, టెన్త్ మెమోలు. "ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా" అన్నాడు బావ. ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఆ రెండూ చెప్పే టెన్త్ మెమో అదే ఫోల్డర్లో పక్కనే పడి ఉంది. తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించినట్టు.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: నెట్ సెంటర్లలో ఇ-ఆధార్ దించుకోవద్దు, దించితే ఆ కాపీలు పూర్తిగా తీసేయండి, చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. జనం వేరేలా అర్థం చేసుకునే ప్రమాదముందని రెండ్రోజుల్లోనే ప్రకటన వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నా, "కాపీలు తీసేయండి" అన్న మాట మా షాపుకి సరిగ్గా అతికింది.

మజిలీ 1: పీకుడు (జూన్ 15–17)

పదిహేడూ ఇవీ: పీడీఎఫ్‌ని వర్డ్‌గా మార్చేవి 6, వీడియోలు దించేవి 3, సెర్చి పేజీనే మార్చేసేవి 2, కూపన్లు వెతికేది 1, స్క్రీన్‌షాట్ 1, మౌసు బాణానికి బొమ్మలు తగిలించేది 1, వాతావరణం చెప్పేది 1 (తలుపు తీస్తే తెలిసేదానికి), అక్క పెట్టిన తెలుగు టైపింగు, ప్రకటనలు ఆపేది.

వీటిలో 12కి "అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అన్న అనుమతి ఉంది. మాటవరసకి రాసింది కాదది. బ్యాంకు పేజీ కూడా వెబ్‌సైటే. ప్రకటనలు ఆపేవాటికి ఆ అనుమతి తప్పదు, అందుకే అలాంటివి ఎవరి చేతిలో ఉన్నాయన్నది ముఖ్యం. అక్క పెట్టినది పేరున్న ఒక బ్లాకరుకి ఒక్క అక్షరం తేడాతో ఉన్న నకిలీ. 2018 ఏప్రిల్లో, ప్రకటనలు ఆపే సాఫ్ట్‌వేర్ చేసే ఆడ్‌గార్డ్ వాళ్లు ఇలాంటి నకిలీలను క్రోమ్ స్టోర్లో పట్టుకున్నప్పుడు, వాటిని వాడుతున్నవాళ్లు మొత్తం 2 కోట్ల పైనే తేలారు. అసలువి కూడా అసలుగానే ఉండిపోతాయని నమ్మకం లేదు. నానో యాడ్‌బ్లాకర్‌ని 2020లో దాని రచయిత అమ్మేశాడు, కొన్నవాళ్లు అందులో దొంగ కోడ్ కలిపారు. ట్యాబులను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్‌దీ అదే కథ. చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హాని చేసే ప్రోగ్రాము (మాల్‌వేర్) అని తీసేసింది. ఏ సైటు నమ్మదగ్గదో చెప్పే వెబ్ ఆఫ్ ట్రస్ట్ సంగతి ఇంకా బాగుంటుంది. అది పోగేసిన బ్రౌజింగు చరిత్రలు అమ్ముడుపోతున్నాయని 2016 నవంబర్లో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ బయటపెట్టింది.

జూన్ 16 పొద్దున 3వ నంబర్లో కూపన్ల యాడ్-ఆన్ మళ్లీ దర్శనమిచ్చింది. తీశాను. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. వైరస్ అనుకుని రెండు గంటలు స్కాన్లు తిప్పాను. అసలు సంగతి: ఎవరో కస్టమరు తన జీమెయిల్‌తో క్రోమ్‌లోకే సైన్-ఇన్ అయి వెళ్లిపోయాడు. సింక్ ఆన్‌లో ఉంది. ఆయన ఇంటి కంప్యూటర్లో ఉన్నది ఇక్కడికి నడిచొస్తోంది. అంటే ఇక్కడ దాచిన పాస్‌వర్డ్‌లూ అక్కడికి వెళ్లుంటాయి. ముందు సైన్-అవుట్ చేయాలి, ఆ తర్వాతే పీకుడు. నేను తిరగేసి చేశాను.

తెలుగు టైపింగుకి యాడ్-ఆన్ అక్కర్లేదు, విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. అక్కకి అలవాటు కావడానికి వారం పట్టింది, ఆ వారమంతా నాకు తిట్లు.

ఇప్పటిదాకా: యాడ్-ఆన్లు 17 నుంచి 0. పాస్‌వర్డ్‌లు 212 నుంచి 0. ఖర్చు రూ. 0. పనిగంటలు 9.

మజిలీ 2: ఆరు ఒకేసారి పెట్టిన తప్పు (జూన్ 21–27)

1, 2, 3 నంబర్లలో ఫైర్‌ఫాక్స్ వేశాను. కారణం ఒక్కటే: ప్రకటనలూ ట్రాకర్లూ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్కువ బలంతో నడిచేది అందులోనే. క్రోమ్ తన యాడ్-ఆన్ల నిబంధనలు మార్చి మ్యానిఫెస్ట్ వీ3కి వెళ్లాక, 2025కల్లా పాత పద్ధతి యాడ్-ఆన్లు వరసగా ఆగిపోయాయి. క్రోమ్‌కి మిగిలింది దాని తేలిక రూపం, యూబ్లాక్ ఆరిజిన్ లైట్.

ఒక్కదాంతో ఆగి ఉంటే ఈ మజిలీ మూడు లైన్లలో అయిపోయేది. నేను ఆరు పెట్టాను: యూబ్లాక్ ఆరిజిన్, ప్రైవసీ బ్యాడ్జర్ (ట్రాకర్లను ఆపేది), నోస్క్రిప్ట్ (స్క్రిప్టులు, అంటే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు ఆపేది), క్లియర్‌యూఆర్‌ఎల్స్ (లింకుల చివర మనల్ని వెంటాడే తోకలు కత్తిరించేది), కుకీ ఆటోడిలీట్ (కుకీలు, అంటే సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్లో దాచేవి తుడిచేది), డీసెంట్రల్ఐస్ (పేజీలు బయటి సర్వర్ల నుంచి తెచ్చుకునే మామూలు ఫైళ్లను కంప్యూటర్లోంచే ఇచ్చేది). అది చాలక యూబ్లాక్‌ని మీడియం మోడ్‌లో పెట్టాను. అంటే పేజీలోకి వేరే సైట్ల నుంచి వచ్చే స్క్రిప్టులూ ఫ్రేములూ (పేజీలో ఇమిడి ఉండే వేరే పేజీలు) మనం ఒప్పుకుంటే తప్ప రావు.

జూన్ 24. డిగ్రీ పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. మలికిపురం నుంచి వచ్చిన అబ్బాయి 1వ నంబర్లో రూ. 1,150 కట్టాడు. ఓటీపీ కొట్టాడు, డబ్బు పోయింది, పేజీ తెల్లగా నిలబడిపోయింది. రసీదు లేదు. అప్లికేషన్లో చూస్తే "ఫీజు చెల్లించలేదు". అబ్బాయి మొహం చూడలేక బావ 4వ నంబర్లో తన డబ్బుతో మళ్లీ కట్టాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు. మొదటి డబ్బు 6 రోజులకు అబ్బాయి ఖాతాలో పడింది, తెచ్చి బావకిచ్చాడు.

ఎవరు ఆపారో వెతకడానికి పట్టిన సమయం గంటా నలభై నిమిషాలు. ఆరుగురు కాపలాదార్లు ఒకే గుమ్మంలో నిలబడితే ఎవరు ఎవర్ని తోశారో చెప్పలేం. చేసింది ఇది:

1. ఆరింట్లో మూడు ఆపి, ఫీజు పేజీ మళ్లీ తెరిచి చూడడం.
2. చెడిపోతే ఆన్‌లో ఉన్న మూడింట్లో, బాగుంటే ఆపిన మూడింట్లో వెతకడం.
3. ఒకటి తేలాక యూబ్లాక్ లాగర్ (ఏది ఆపిందో రాసే పట్టీ) తెరిచి, ఎర్రగా ఉన్న లైన్లు చదవడం.

తేలింది: బ్యాంకు నుంచి తిరిగి వచ్చే అడుగు వేరే డొమైన్ (సైటు చిరునామా) ఫ్రేములో నడుస్తోంది. మీడియం మోడ్ దాన్ని కోసేసింది. నోస్క్రిప్ట్ కూడా కోసేదే, గాని ఇది ముందు కోసింది. మీడియం మోడ్ మంచిదే, సొంత కంప్యూటర్లో, తెల్లపేజీ వస్తే ఏ గడి నొక్కాలో తెలిసిన మనిషికి. కౌంటర్లో ఆరుగురు క్యూలో ఉండగా శీను చేత ఆ పని చేయించలేం.

ఐదింటినీ తీసేశాను. ముఖ్యమైన కారణాలు ఇవీ: కుకీలను సైటుకొక డబ్బాలో విడిగా పెట్టే పని ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి తనే చేస్తోంది. లింకుల తోకలు కత్తిరించే జాబితా యూబ్లాక్‌లోనే ఉంది, టిక్కు పెడితే చాలు. ప్రైవసీ బ్యాడ్జర్ మొదట్లో వాడుకను బట్టి తనే నేర్చుకునేది. ఆ నేర్చుకోవడమే మనిషిని గుర్తుపట్టడానికి ఆనవాలవుతుందని తెలిసి, 2020లో దాన్ని చేసిన ఈఎఫ్‌ఎఫ్ (అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ) వాళ్లే దాన్ని మామూలుగా ఆపేసి ఉంచారు. ఇక అది చేసేదీ యూబ్లాక్ చేసేదీ మా అవసరానికి ఒకటే. సైట్లను మధ్యలో ఎవరూ చదవలేని హెచ్‌టీటీపీఎస్ దారిలో తెరిచేదీ, ఒకప్పుడు అందరూ పెట్టుకోమన్నదీ అయిన హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్ అయితే రిటైరే అయిపోయింది, ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఎస్-ఓన్లీ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చేశాను.

ఒక తెలుగు వార్తల సైటు మొదటి పేజీ, క్యాషే (ముందు దాచుకున్న కాపీలు) లేకుండా, మూడుసార్లు కొలిచి మధ్యది రాశాను:

ఏమీ లేకుండా: 412 రిక్వెస్టులు (పేజీ బయటి నుంచి తెచ్చుకోవడానికి అడిగినవి), 9.8 ఎంబీ, 21 సెకన్లు.
యూబ్లాక్ మామూలు మోడ్: 96 రిక్వెస్టులు, 2.6 ఎంబీ, 6 సెకన్లు.
ఆరూ కలిపి: 81 రిక్వెస్టులు, 2.4 ఎంబీ, 7 సెకన్లు.

మిగతా ఐదూ కలిసి ఆపింది 15 రిక్వెస్టులు. పైగా ఒక సెకను ఎక్కువ. దానికి 1,150 రూపాయల తలనొప్పి.

ఇప్పటిదాకా: యాడ్-ఆన్లు మిషన్‌కి 6 నుంచి 1. పనిగంటలు 20.

మజిలీ 3: వేలిముద్ర దాచబోయి ఫొటో పోయింది (జూన్ 29)

ఈ మజిలీ ఒక్క పూటే నడిచింది. కుకీ లేకపోయినా స్క్రీను సైజు, ఫాంట్లు, గ్రాఫిక్స్ గీసే తీరు కలిపి కంప్యూటరుని గుర్తుపట్టొచ్చు. దీన్నే బ్రౌజరు వేలిముద్ర అంటారు. ఈఎఫ్‌ఎఫ్ వాళ్ల కవర్ యువర్ ట్రాక్స్ పేజీలో (2010లో పానాప్టిక్లిక్ పేరుతో మొదలైంది) పరీక్షిస్తే మా 2వ నంబరు "ప్రత్యేకం" అని వచ్చింది. పరీక్షల్లో ఈ మాటొస్తే సంతోషించాలి, ఇక్కడ మాత్రం కాదు. ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగుల్లో 'రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్' అన్నది ఆన్ చేశాను.

పదకొండింటికి అంతర్వేది నుంచి వచ్చిన పెద్దావిడ పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక అప్లికేషన్లో ఎక్కించాం. ఎక్కిన ఫొటో నిండా రంగు రంగుల నిలువు గీతలు. యాంటెన్నా తిరిగిపోయిన పాత టీవీలా ఉంది. "నేనేనా బాబూ ఇది?" అందావిడ. ఆ సైటు ఫొటోను బ్రౌజర్లోనే కత్తిరించి చిన్నది చేస్తుంది. ఆ పని జరిగే కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) నుంచి బొమ్మను చదవబోతే, ఈ సెట్టింగు అసలు బొమ్మ ఇవ్వకుండా గజిబిజి ఇస్తుంది. అడ్రసు బారు పక్కన చిన్న గుర్తు వేసి అనుమతి అడుగుతుంది గాని ఎవరు చూస్తారు!

పన్నెండింటికి ఇంకోటి. ఆసుపత్రి టోకెను 10:30కి తీసుకుంటే తెరమీద 5:00 అని చూపించింది. ఈ సెట్టింగు మన టైమును కూడా దాచి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైము) చెబుతుంది. అయిదున్నర గంటల తేడా. తెల్లవారుజామున ఐదింటికి డాక్టరెక్కడుంటాడని అక్క.

ఆఫ్ చేసేశాను. రోజుకి 40 మంది వాడే కంప్యూటర్లో గుర్తుపట్టినా పట్టేది షాపునే, అందులో ఒక మనిషిని కాదు. ముందే ఆలోచించాల్సింది.

మజిలీ 4: రూటర్లో డీఎన్‌ఎస్, నేను చూడకూడనిది (జూలై 1–20)

కస్టమర్ల ఫోన్లు కూడా షాపు వైఫైలో ఉంటాయి కాబట్టి ట్రాకర్ల పేర్లను రూటరు దగ్గరే ఆపుదామనుకున్నాను. సైటు పేరు అడిగితే దాని అంకెల చిరునామా చెప్పేది డీఎన్‌ఎస్, ట్రాకర్ల పేర్లకి జవాబివ్వకుండా అక్కడే ఆపొచ్చు. అలా ఆపే నెక్స్ట్‌డీఎన్‌ఎస్ సేవలో ఉచిత ఖాతా తీసి రూటర్లో పెట్టాను.

1. రూటరు పేజీ తెరిచి, ఆపరేటరు పెట్టిన పాస్‌వర్డ్ మార్చాను. అది పెట్టెకి అంటించిన స్టిక్కరు మీదే ఉంది.
2. డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే) సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ చిరునామాలు మార్చాను.
3. కంప్యూటర్లన్నీ ఆపి మళ్లీ వేశాను.

జూలై 9న లైను బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు రూటరుని రీసెట్ కొట్టి వెళ్లాడు. రెండ్రోజుల దాకా చూసుకోలేదు. మళ్లీ పెట్టాను. జూలై 19న పరికరాలు అడిగిన పేర్ల లెక్క 3 లక్షలు దాటింది. ఉచిత ఖాతాకి నెలకి హద్దు అంతే, దాటాక పేర్లు మామూలుగా పలుకుతుంది గాని దేన్నీ ఆపదు. రోజుకి 16 వేలకు పైనే ప్రశ్నలు. సగానికి పైగా కస్టమర్ల ఫోన్లవే.

ఆ ఖాతాని మూసేసింది మాత్రం వీటికోసం కాదు. జూలై 12 రాత్రి లెక్క చూద్దామని లాగ్ (ఏ పరికరం ఏ సైటు అడిగిందో రాసి ఉండే చిట్టా) తెరిచాను. 8:40కి ఒక ఫోను, ఆన్‌లైన్లో అప్పులిచ్చే యాప్ ఒకదాని డొమైన్‌ని పదే పదే అడిగింది. ఆ టైముకి షాపులో ఉన్నది శీను, ఒక తెలిసినాయన. శీను ఫోను చార్జింగు అయిపోయి కౌంటరు మీద ఉంది. ఆయన మర్నాడు పొద్దున నన్ను పలకరించినప్పుడు సరిగ్గా మొహం చూడలేకపోయాను. ఎక్కడో ఉన్న కంపెనీకి తెలియకూడదని పెట్టింది, ఎదురింటి నాకు తెలిసేలా చేసింది. అదే రాత్రి లాగ్ ఆపి, ఉన్నదంతా తుడిచేశాను.

నెలాఖరు దాకా ఆగలేదు. లాగ్ చూసుకునే వీలే లేని ఆడ్‌గార్డ్ పబ్లిక్ డీఎన్‌ఎస్ (94.140.14.14, 94.140.15.15) రూటర్లో పెట్టి వదిలేశాను. ఖాతా లేదు, హద్దు లేదు, నాకు కనబడేదీ లేదు. ఆ కంపెనీ ఏం చూస్తుందన్నది వేరే ప్రశ్న. ఎవరో ఒకరిని నమ్మక తప్పదు.

ఇప్పటిదాకా: యాడ్-ఆన్లు 1. ఖర్చు రూ. 0. పనిగంటలు 31.

మజిలీ 5: పాలసీ ఫైలు (జూలై 21–27)

ఎవరు పడితే వాళ్లు యాడ్-ఆన్ పెట్టే దారి మూయాలి. ఫైర్‌ఫాక్స్‌లో దీనికి పాలసీ ఫైలు (బ్రౌజరుకి మనం పెట్టే నియమాల పట్టీ) చాలు, డబ్బు పెట్టక్కర్లేదు.

1. సి డ్రైవు, ప్రోగ్రామ్ ఫైల్స్, మొజిల్లా ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్లో 'డిస్ట్రిబ్యూషన్' అని కొత్త ఫోల్డర్.
2. అందులో 'పాలసీస్' అన్న పేరుతో జేసన్ ఫైలు (పేరు చివర .json ఉండేది). రెండు పేర్లూ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో.
3. రాయాల్సినవి: యాడ్-ఆన్లన్నీ నిషేధం, యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటీ తనంతట అదే ఎక్కాలి, పాస్‌వర్డ్ దాచనా అని అడగొద్దు, ఫారాల్లో రాసినవి గుర్తుంచుకోవద్దు, నోటిఫికేషన్లు అడిగే సైట్లకు ముందే "వద్దు", ఫైర్‌ఫాక్స్ ఖాతా సైన్-ఇన్ కుదరదు. ఒక్కో ఆదేశం స్పెల్లింగు మొజిల్లా పాలసీ టెంప్లేట్ల పేజీలోంచే దించుకోవాలి, గుర్తున్నట్టు రాస్తే పనిచేయదు.
4. ఫైర్‌ఫాక్స్ మూసి తెరిచి, అడ్రసు బారులో 'ఎబౌట్', కోలన్, 'పాలసీస్' కొట్టి, పెట్టినవన్నీ కనబడుతున్నాయో లేదో చూడడం.

నాకు ఏమీ కనబడలేదు. గంటన్నర. నోట్‌ప్యాడ్ దాన్ని చివర .txt అన్న తోకతో టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసింది. విండోస్ ఆ తోకను దాచి చూపిస్తుంది కాబట్టి పేరు సరిగ్గానే కనబడుతోంది. ఎక్స్‌ప్లోరర్‌లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్కు పెట్టాక గాని దొరకలేదు. అది సరిచేశాక ఇంకోటి: ఒక కామా మరిచాను. ఒక్క కామా లేకపోతే ఆ ఒక్క లైనే పోదు, ఫైలు మొత్తం చెల్లదు. అదే పేజీలో తప్పులు చూపించే భాగం ఉంటుంది. నేను ముందు అక్కడ చూడాల్సింది.

అన్నీ అయ్యాక శీనుతో పందెం వేశాను, యాడ్-ఆన్ పెట్టగలిగితే 50 రూపాయలని. రెండు నిమిషాల్లో పెట్టాడు, ఎడ్జ్ తెరిచి. విండోస్‌తో పాటే వచ్చే ఆ బ్రౌజరుని నేను లెక్కలోకే తీసుకోలేదు. టాస్క్‌బారు నుంచి ఎడ్జ్ తీసేసి, కస్టమర్లకి అడ్మిన్ హక్కులు లేని వేరే విండోస్ ఖాతా చేసి, ఎడ్జ్‌కి కూడా అలాంటి నిషేధమే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) పెట్టాను. 50 రూపాయలు ఇచ్చుకున్నాను.

కుడివైపు కింద మూలన "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు" అని ఎగిరే పెట్టెలు ఆ రోజుతో పోయాయి. 38 సైట్ల అనుమతులూ సున్నా.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 50. పనిగంటలు 40.

మజిలీ 6: ప్రైవేట్ విండో (ఆగస్టు 2–17)

మూసినప్పుడు చరిత్ర, కుకీలు తుడిచెయ్యమని పెట్టడం సులువే. చిక్కేమిటంటే షాపులో బ్రౌజరుని ఎవరూ మూయరు. పొద్దున 8కి తెరిస్తే రాత్రి 9 దాకా ఒకటే. మధ్యలో 40 మంది.

మొదటి ప్రయత్నం: కస్టమరు రాగానే ప్రైవేట్ విండో (మూశాక చరిత్ర, కుకీలు మిగల్చని విండో), వెళ్లగానే మూసేయడం. రెండ్రోజుల తర్వాత చూస్తే వార్తల సైటులో ప్రకటనలన్నీ మామూలుగా వస్తున్నాయి. ప్రైవేట్ విండోల్లో నడవడానికి యాడ్-ఆన్‌కి విడిగా అనుమతివ్వాలి, నేనివ్వలేదు. రెండ్రోజులు కస్టమర్లంతా బ్లాకరు లేకుండానే తిరిగారు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ప్రైవేట్ విండో మూశాం కదా, జీమెయిల్ తెరిస్తే ముందు కస్టమరు మెయిలే వచ్చింది! ఎన్ని ప్రైవేట్ విండోలున్నా వాటికి సంచి ఒక్కటే. ఆఖరిది మూస్తేనే ఖాళీ అవుతుంది. కింద ఎక్కడో మినిమైజ్ చేసిన విండో ఒకటి బతికే ఉంది.

చివరికి డెస్క్‌టాప్ మీద "అయిపోయింది" అని ఒక బ్యాచ్ ఫైలు (నొక్కితే కమాండ్లు వరసగా నడిపేది) పెట్టాను. అది చేసేవి:

1. ఫైర్‌ఫాక్స్ అన్ని విండోలనూ బలవంతంగా మూయడం.
2. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయడం.
3. ఫైర్‌ఫాక్స్‌ని ప్రైవేట్‌గా మళ్లీ తెరవడం.

మొదటిసారి 1వ నంబర్లో నొక్కినప్పుడు అక్క అయిదేళ్లుగా కూడబెట్టుకున్న అప్లికేషన్ నమూనాలు, ల్యామినేషన్ రేట్ల పట్టీ, అన్నీ పోయాయి. ఆవిడ అవన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంచేది. కమాండుతో తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. పాత పెన్‌డ్రైవులో సగం దొరికాయి. మిగతా సగం గురించి నేను రాయను, అక్క చదువుతుంది. ఆ తర్వాత 'కస్టమర్' అని వేరే ఫోల్డర్ చేసి, దించినవన్నీ అందులోకే పోయేలా పెట్టి, దాన్నే ఖాళీ చేయించాను. మీరు చేసేటప్పుడు ఈ వరస మొదటే పెట్టుకోండి.

ఆగస్టు 10న లెక్క చూస్తే శీను ఆ బొమ్మను రోజుకి నాలుగైదు సార్లే నొక్కుతున్నాడు. ఎందుకురా అంటే, "తెరుచుకునేసరికి కస్టమరు పక్క షాపుకి పోతున్నాడండి." స్టాప్‌వాచ్ పెట్టాను. 48 సెకన్లు. పాత హార్డ్ డిస్కుల మహిమ. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన 240 జీబీ ఎస్‌ఎస్‌డీలు మూడు తెచ్చాను, ఒక్కొక్కటి రూ. 1,650. బిగించాక 7 సెకన్లు. ఆ వారం శీను నొక్కుడు రోజుకి 30 దాటింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో ప్రైవసీకి ఎక్కువ పనికొచ్చింది ఈ డిస్కులే అంటే నా తోటి టెక్నికల్ వాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

వర్షాలకి కరెంటు పోయినప్పుడు ప్రైవేట్ విండోలో సగం నింపిన ఫారం తిరిగి రాదు. రెండుసార్లు తిట్లు తిన్నాం. ఇన్వర్టరు గురించి బావ ఆలోచిస్తున్నాడు, అది నా పద్దు కాదు.

ప్రింటరు ప్రాపర్టీల్లో 'కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్' అన్న టిక్కు ఉందేమో కూడా చూసుకోండి. 3వ నంబర్లో ఉంది, తీసేశాను. ఇక చెడిపోయిన జిరాక్స్‌లు. అవి వారానికోసారి ఎదుటి బజ్జీల బండికి వెళ్తున్నాయని ఆగస్టులోగాని నాకు తెలీలేదు. ఎవరిదో ఆధార్ కాపీలో నేనే మిరపకాయ బజ్జీలు తిన్నాను. కాగితాలు చింపే చిన్న మిషన్ రూ. 2,400.

ఇప్పటిదాకా: ఖర్చు 50 + 4,950 + 2,400 = రూ. 7,400. పనిగంటలు 55.

మజిలీ 7: 4వ నంబరు (ఆగస్టు 23, 24)

దీంట్లోనూ ఫైర్‌ఫాక్స్ పెట్టి చూశాను. వేలిముద్ర పరికరం "సిద్ధంగా లేదు" అంది. డ్రైవరు రెండుసార్లు తీసి వేశాను. కారణం మళ్లీ నేనే. బయటి సైట్లు మన లోపలి నెట్‌వర్కులోకి తొంగిచూడకుండా ఆపే జాబితా ఒకటి యూబ్లాక్‌లో ఉంటుంది, మామూలుగా ఆఫ్, నేను ఆన్ చేశాను. ఆ పరికరంతో సైటు మాట్లాడేదే 127.0.0.1 చిరునామా ద్వారా, అంటే ఈ కంప్యూటరు లోపలికే. జాబితా దాని పని అది చేసింది. టిక్కు తీస్తే నడిచింది. కాని ఆ పోర్టల్ క్రోమ్ మీదే నడుస్తామని పట్టుబట్టడంతో క్రోమ్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ లైట్, సింక్ బంద్. ఈ మిషన్ మీద కస్టమరుని కూర్చోబెట్టరు.

మజిలీ 8: షాపు ఫోను (ఆగస్టు 30 – సెప్టెంబరు 6)

కంప్యూటర్లన్నీ కడిగాక తెలిసింది, ఇప్పుడు కాగితాలు వచ్చే దారి వేరని. అందరూ షాపు వాట్సాప్ నంబరుకే పంపుతారు. అక్క ఫోను గ్యాలరీలో 2,900 ఫొటోలు, మా మేనకోడలి పుట్టినరోజు ఫొటోల మధ్యలో జనాల పాస్‌బుక్కులు.

1. మీడియా ఆటో-డౌన్‌లోడ్ ఆఫ్, గ్యాలరీలో కనబడడం ఆఫ్.
2. మాయమయ్యే మెసేజ్‌ల టైమరు 24 గంటలు. ఇది కొత్త చాట్లకే వర్తిస్తుంది, పాతవాటికి విడిగా పెట్టాలి.
3. ప్రింటు తీయాల్సింది వాట్సాప్ వెబ్‌లో దించితే 'కస్టమర్' ఫోల్డర్లో పడుతుంది, "అయిపోయింది"తో పోతుంది.
4. ఉన్న 2,900లో ఇంటివి 410 వేరు చేసి, మిగతావి తీసేయడం. దీనికి అక్కతో కలిసి మూడు సాయంత్రాలు.

టైమరు పెడితే అవతలివాళ్లకీ చాట్లో ఆ మాట కనబడుతుంది. మర్నాడు పొద్దున్నే ఫోన్లు: "మీ నంబరు ఎవరో హ్యాక్ చేశారాండీ?"

సెప్టెంబరు 3న సఖినేటిపల్లి నుంచి ఒకావిడ వచ్చింది. రెండ్రోజుల కిందట పంపిన వీసా కాగితం ఇంకో కాపీ కావాలంది. లేదన్నాం. "మీ దగ్గరుంటుంది కదాని నా ఫోన్లో తీసేశానండి." రాత్రి కువైట్లో ఉన్న వాళ్లమ్మాయి మళ్లీ పంపితే ప్రింటు తీసిచ్చాం. అక్క 90 రోజులు పెట్టమంది, నేను 24 గంటలే ఉండాలన్నాను, బావ మధ్యలో పడి 7 రోజులన్నాడు. సెప్టెంబరు 6 నుంచి 7 రోజులు నడుస్తోంది.

మొత్తం: యాడ్-ఆన్లు మిషన్‌కి 1. డౌన్‌లోడ్స్‌లో మిగిలిన కస్టమరు ఫైళ్లు 0. ఖర్చు రూ. 7,400. పనిగంటలు 68.

పెండింగ్: విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఐ3లు మూడూ విండోస్ 11కి పనికిరావు. 3వ నంబర్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి చూడాలి, ముందు జిరాక్స్ ప్రింటరు డ్రైవరు దానికి దొరుకుతుందో లేదో తేలాలి.